పాత ట్రాక్టరు కొనువారికి, సాక్షులుగా నిలుచువారికి

క్రొత్త ట్రాక్టరు ఊరిలోనికి వచ్చినప్పుడు కొబ్బరికాయ కొట్టుదురు, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుదురు, పిల్లలు వెంటబడుదురు. పాత ట్రాక్టరు వచ్చినప్పుడు ఇంత సందడి ఉండదు. కాని చిన్నకారు రైతు మొట్టమొదట కొనునది చాల సందర్భములలో పాత బండియే. క్రొత్తదానికి కంపెనీవారి హామీయు, సర్వీసు పుస్తకమును, అప్పిచ్చిన బ్యాంకువారి పరిశీలనయు ఉండును. పాతదానికి ఉండునది అమ్మువాని మాట ఒక్కటియే. ఆ మాటకు సాక్షిగా నిలుచువాడు తరచుగా పంచాయతీ సభ్యుడే యగుచున్నాడు.

అందుచేత ఈ వ్యాసమును మేము కొనువానికంటె ముందు సభ్యులనే ఉద్దేశించి వ్రాయుచున్నాము. బయానా ఇచ్చునాడు మిమ్ములను పిలుతురు. ఒప్పంద పత్రముపై మీ సంతకము కోరుదురు. ఆరు మాసములకు ఇంజను దింపవలసి వచ్చినప్పుడును, ఫైనాన్సు కంపెనీ మనుష్యులు వచ్చి పొలములోనుండియే బండిని తోలుకొనిపోయినప్పుడును మరల మిమ్ములనే పిలుతురు. ఇట్టి తగాదాలలో తీర్పు చెప్పుట మిక్కిలి కష్టము. అమ్మినవాడు "చూచుకొనియే కొన్నాడు గదా" యనును. కొన్నవాడు "మీరంతా ఉన్నారనియే కొన్నాను" అనును. సంతకమునకు ముందు ఒక పూట వెచ్చించి, చూడవలసిన వానిని చూచినచో ఈ చిక్కులలో అధికభాగము రాదు.

మొదట కాగితములు

బండిని చూడకముందే కాగితములు చూడవలెను. చాలమంది దీనిని తారుమారుగా చేయుదురు. రంగు చూచి మనసుపడిన తరువాత కాగితములోని లోపము చిన్నదిగా కనబడును.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును, అనగా ఆర్.సి.ని, చేతికి తీసికొని మొదట చూడవలసినది పేరు. అమ్ముచున్నవాని పేరే అందున్నదా? లేనిచో ఆ బండి ఇదివరకే ఒకటి రెండు చేతులు మారినదనియు, పేరు మాత్రము మారలేదనియు గ్రహింపవలెను. అట్టి బేరమును అక్కడనే నిలిపి ఆర్.సి.లో పేరున్న మనిషిని పిలిపింపవలెను. అతడు మరణించి యున్నచో వారసుని పేరునకు ముందుగా మార్పించి, ఆ తరువాతనే అమ్మకము జరుపవలెను. ఇందులకు ఫారం 31 కలదు. అన్నదమ్ములలో ఒకడు అమ్మగా వేరొకడు వచ్చి అడ్డుపడుట మన గ్రామములలో క్రొత్త సంగతి కాదు.

తరువాత ఆర్.సి.లోని ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును బండిపై గ్రుద్దియున్న అంకెలతో పోల్చవలెను. మట్టిని, గ్రీజును గుడ్డతో తుడిచి, అంకెలపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు దిగును. ఆ అచ్చును ఒప్పంద పత్రమునకు జతపరచుట మంచి ఆచారము. అంకెలు అరగదీసినట్లున్నను, ఆ చోట మాత్రమే క్రొత్తరంగు పూసియున్నను సభ్యులు సంతకము పెట్టరాదు. అది దొంగబండి కావచ్చును.

మూడవది అప్పు. ఆర్.సి.లో బ్యాంకు పేరుగాని, ఫైనాన్సు సంస్థ పేరుగాని ఉన్నంతవరకు ఆ బండిపై వారికి హక్కు కలదు. "కిస్తీలన్నియు తీరినవి" అను నోటిమాట చాలదు. సంస్థవారు ఇచ్చిన నిరభ్యంతర పత్రముతోను, ఫారం 35తోను రవాణా శాఖ కార్యాలయమున దరఖాస్తు చేసి ఆ పేరు తీసివేయింపవలెను. అంతవరకు పూర్తి సొమ్ము చెల్లింపరాదు. ఈ వివరములలో కొన్నిటిని వాహన సంఖ్యను బట్టి రవాణా శాఖవారి ఆన్‌లైను సేవలలో చూడవచ్చును. ఊరిలోని చదువుకొన్న యువకులు ఐదు నిమిషములలో ఇది చూచి చెప్పగలరు.

ఇక అన్నిటికంటె ఎక్కువ నిర్లక్ష్యము జరుగుచున్న విషయము పేరు మార్పు. "పేరు తరువాత మార్చుకొందములే బావా, మనలో మనకేమి?" అని అందురు. సొమ్ము చేతులు మారును, తాళము చేతులు మారును, ఆర్.సి. మాత్రము పాత పేరుతోనే సంవత్సరముల తరబడి ఉండిపోవును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములో అమ్మకము జరిగినప్పుడు అమ్మినవాడు 14 దినములలోగాను, కొన్నవాడు 30 దినములలోగాను రవాణా అధికారికి తెలియపరుపవలెను. ఫారం 29, ఫారం 30 ఇందులకే ఏర్పడినవి. ఆ ఫారములపై సంతకములు బేరము నాడే, మీ యెదుటనే జరుగవలెను.

ఇందువలన కొన్నవానికే లాభమని అమ్మినవారు తలచుచున్నారు. అది పొరపాటు. 2018లో సుప్రీంకోర్టువారు ఒక తీర్పులో ఈ సంగతిని తేటపరచిరి. బండి ఎన్ని చేతులు మారినను, ప్రమాదము జరిగిన నాటికి రిజిస్టరులో ఎవరి పేరున్నదో చట్టము దృష్టిలో వారే యజమాని. నష్టపరిహారపు బాధ్యత వారిదే. మీ గ్రామస్థుడు తన ట్రాక్టరును రొక్కమునకు అమ్మివేసి, ఆ సొమ్ముతో కూతురి పెండ్లి చేసి, దాని సంగతియే మరచినాడనుకొనుడు. మూడేండ్ల తరువాత వేరొక జిల్లాలో ఆ బండి ఒకనిని గ్రుద్ది చంపినది. భీమా లేదు. కోర్టు నోటీసు వచ్చునది మీ గ్రామస్థుని ఇంటికే. పరిహారము లక్షలలో ఉండును. అమ్మినవాడు అమాయకుడని ఊరంతయు సాక్ష్యమిచ్చినను రిజిస్టరులోని పేరు మారదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దు గ్రామములవారికి మరియొక మాట. 2014 జూన్ 2వ తేదీనుండి ఏరు దాటి కొన్న బండి పరరాష్ట్రపు బండియే. ఒకప్పుడు ఒకే రాష్ట్రమైన కారణమున ఈ సంగతి ఇప్పటికిని కొందరి మనసున పట్టుట లేదు. అట్టి కొనుగోలునకు అమ్మినవాని ప్రాంతపు రవాణా అధికారినుండి ఫారం 28పై నిరభ్యంతర పత్రము తేవలెను. పరరాష్ట్రపు బండిని 12 మాసములకు మించి ఇక్కడ ఉంచినచో ఇక్కడి సంఖ్య తీసికొనవలెను.

ట్రక్కు కూడ కొనుచున్నచో దానికి వేరే రిజిస్ట్రేషను ఉండునని మరువరాదు. ఇంజనుకు కాగితములుండి ట్రక్కుకు లేకపోవుట తరచుగా చూచుచున్నాము. భీమాను కొన్నవాని పేరునకు మార్చుకొనుటకు 14 దినములలోగా భీమా సంస్థకు దరఖాస్తు చేయవలెను.

తరువాత యంత్రము

పాత ట్రాక్టరును చూచుటకు తెల్లవారుజామున పోవలెను. "మేము వచ్చువరకు స్టార్టు చేయవద్దు" అని ముందురోజే చెప్పవలెను. చేరగానే ఇంజనుపై చేయి పెట్టి చూడవలెను. వెచ్చగా ఉన్నచో, చల్లని ఇంజను స్టార్టు కాదని అమ్మువానికి తెలిసియే యున్నదని అనుకొనవచ్చును. వెంట ఒక మెకానిక్కును తీసికొనిపోవలెను. అతనిని దళారి తెచ్చినచో మీరు తీసికొనిపోయినట్లు కాదు.

రంగును చూడవద్దు. పాత బండికి పెండ్లికూతురు అలంకారము చేయు దుకాణములు ప్రతి పట్టణములోను ఉన్నవి. రంగు పూయుటకు వీలులేని చోట్లు చూడవలెను: క్లచ్ పెడలు, బ్రేకు పెడళ్ళు, స్టీరింగు చక్రము, సీటు క్రింది ఇనుము. మీటరులో 1,500 గంటలు చూపుచు, పెడలుపైని గరుకు పూర్తిగా అరిగి నునుపుదేరి యున్నచో ఆ మీటరును నమ్మరాదు. ఖర్చు లెక్కలకై ఇంజనీర్లు ట్రాక్టరు సంవత్సరమునకు సుమారు 1,000 గంటలు పనిచేయుననియు, దాని ఆయుర్దాయము సుమారు 10,000 గంటలనియు సాధారణముగా అనుకొందురు. మన చిన్నరైతు బండి అంత పని చేయకపోవచ్చును. అయినను పదేండ్ల బండికి 1,500 గంటలనగా ఏడాదికి 150 గంటలే. అద్దెకు తిరిగిన బండి ఆ పనిని ఒక్క సీజనులో ముగించును.

చల్లగా ఉన్నప్పుడే నూనె కొలత పుల్ల బయటికి తీయవలెను. ఇంజను ఆయిల్ నల్లగా ఉండుట సహజము. పాలు కలిపినట్లు తెల్లబారి యున్నచో అందు నీరు చేరినదని అర్థము. రేడియేటరు మూత తీసి చూచినప్పుడు నీటిపై నూనె తెట్టు ఉన్నను అదియే రోగము. ఇవి కనబడినచో మిగిలిన పరీక్ష అవసరము లేదు.

స్టార్టు చేసిన తరువాత పొగను గమనింపవలెను. మొదటి నిమిషములో కొంత పొగ వచ్చుటలో దోషము లేదు. ఇంజను వేడెక్కిన పిమ్మటను నీలిపొగ వచ్చుచుండినచో ఇంజను ఆయిల్ మండుచున్నది. బోరు పని దగ్గరలోనే యున్నది. తెల్లపొగ ఆగకున్నచో డీజిలు సరిగా మండుట లేదనియో, సిలిండరులోనికి నీరు దిగుచున్నదనియో అనుకొనవలెను. బరువు పడినప్పుడు విపరీతముగా నల్లపొగ వచ్చినచో ఎయిర్ క్లీనరు మూసుకొనియుండవచ్చును, లేదా నాజిళ్ళ పని ఉండవచ్చును. ఇది అన్నిటికంటె తేలికైన జబ్బు. ఆయిల్ పోయు మూతను తీసినప్పుడు అందుండి పొగ ఊదినట్లు బలముగా వచ్చుచుండినచో పిస్టను రింగులు అరిగినవి.

పిమ్మట హైడ్రాలిక్ పరీక్ష. కల్టివేటరుగాని, అంతకంటె బరువైన రోటవేటరుగాని తగిలించి, పైకెత్తి, ఇంజను ఆపివేయవలెను. అరగంట సేపు టీ త్రాగుచు కూర్చుండవచ్చును. ఆ వ్యవధిలో పనిముట్టు నేలకు దిగిపోయినచో లిఫ్టులో లోపల పని ఉన్నది. ముందు చక్రములను జాకీతో లేపి చేతితో ఊపినచో బుష్షులు, బేరింగులు వదులైనవో లేదో తెలియును. అన్ని గేర్లలోను నడిపి చూడవలెను. దుక్కి బరువుమీద గేరు తనంతట తాను జారి వెలికి వచ్చుట పెద్ద ఖర్చునకు గుర్తు.

బండి ఏ నేలమీద పనిచేసినదో అడిగి తెలిసికొనుట మిక్కిలి అవసరము. మెట్ట ప్రాంతములో దుక్కి దున్నిన ట్రాక్టరుకు దుమ్ము శత్రువు. దాని ఎయిర్ క్లీనరును, ఇంజనును శ్రద్ధగా చూడవలెను. గోదావరి, కృష్ణా డెల్టాలలో కేజ్ వీల్సుతో దమ్ము చేసిన ట్రాక్టరు కథ వేరు. బురద నీటిలో గంటల తరబడి తిరిగిన బండికి వెనుక యాక్సిల్ సీళ్ళగుండా నీరు లోనికి పోవును. ఇంజను గుండ్రాయివలె ఉన్నను వెనుకభాగము లోలోపల తుప్పు పట్టుచుండును. దీనిని కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. నూనెకంటె నీరు బరువైనది గనుక రాత్రంతయు నిలిచియున్న బండిలో నీరు అడుగునకు చేరును. ఉదయమున, బండి కదలకముందు, గేరుబాక్సు క్రింది డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేసినచో ముందుగా నీటిబొట్లు వచ్చును, తరువాత నూనె వచ్చును. ఇందులకు అమ్మువాడు అంగీకరింపనిచో కారణము అడుగవలెను. దమ్ము బండ్లకు ఇంజనును గేరుబాక్సును కలుపుచోట వెల్డింగు అతుకులేమైన ఉన్నవా యని కూడ వంగి చూడవలెను. ఇటుకబట్టీకో, ఇసుకకో తిరిగిన బండికి క్లచ్, బ్రేకులు, స్టీరింగు ముందు పోవును.

వెనుక టైర్లు రెండును మార్చవలసి యున్నచో ఆ ఖరీదును బేరములోనే తగ్గించుకొనవలెను. విడిభాగముల సంగతియు అంతే. మన దేశమున మొదటి స్వదేశీ ట్రాక్టరు 1959లో తయారైనది మొదలు ఎన్నో కంపెనీలు వచ్చినవి, కొన్ని పోయినవి. హెచ్.ఎం.టి. వారి ట్రాక్టర్ల విభాగమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. ఆ బండ్లు గట్టివే, నేటికిని పనిచేయుచున్నవి. కాని భాగముల కొరకు తిరుగు ఓపిక కొనువానికి ఉండవలెను. సమీప పట్టణములో ఏ కంపెనీ భాగములు దొరకుచున్నవో, ఏ మెకానిక్కు ఏ బండి పని ఎరుగునో అది చూచి కొనుట మేలని మా అభిప్రాయము.

అసలు కొనవలసియున్నదా అను ప్రశ్న కూడ సభ్యులు వేయదగినదే. నాలుగైదు ఎకరముల రైతు తన పొలమునకు మాత్రమే ట్రాక్టరు కొన్నచో అది ఏడాదిలో ఎక్కువ దినములు చెట్టు క్రిందనే నిలుచును. పొరుగువారికి ఎన్ని గంటలు అద్దెకు పోగలదు, ఊరిలో ఇప్పటికే ఎన్ని ట్రాక్టర్లు ఉన్నవి అని ఒక కాగితముపై లెక్కవేసి చూపినచో కొందరు మానుకొందురు. మానుకొన్నవారు తరువాత మిమ్ములను తిట్టరు.

కొన్న తరువాత

పాత బండిని ఇంటికి తెచ్చిన మొదటి వారములోనే ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిలు ఫిల్టర్లు, గేరు ఆయిల్ అన్నియు మార్చివేయవలెను. పాత యజమాని ఎప్పుడు మార్చెనో ఎవరికిని తెలియదు. ఆనాటి మీటరు గంటలను ఒక నోటు పుస్తకములో వ్రాసి అక్కడనుండి లెక్క ప్రారంభింపవలెను. చాల ట్రాక్టర్లకు ఇంజను ఆయిల్ 250 గంటలకొకసారి మార్చవలెనని కంపెనీవారు చెప్పుదురు. మీ బండి పుస్తకములో ఎంత యున్నదో అదియే ప్రమాణము.

ప్రతిదినము చేయవలసినది పది నిమిషముల పని. ఆయిల్ కొలత, రేడియేటరు నీరు, టైర్ల గాలి, వదులైన నట్లు చూచుట. దుమ్ము కాలములో నూనె తొట్టి గల ఎయిర్ క్లీనరును ప్రతిదినము విప్పి చూడవలెను. అడుగున బురద పేరుకొన్నచో కడిగి, గుర్తువరకు క్రొత్త ఆయిల్ పోయవలెను. ఈ ఒక్కపనిని మానినందుననే మంచి ఇంజనులు బోరు పనికి వచ్చుచున్నవి. రేడియేటరు జల్లెడకు పట్టిన పొట్టును, గడ్డిని దులిపివేయవలెను. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. ముఖము కాలిన డ్రైవర్లు కలరు. దమ్ము పని నాడు సాయంకాలము బండిని కడిగి, గ్రీజు పెట్టిన తరువాతనే ఇంటికి పోవలెను. క్రొత్త గ్రీజు లోనికి పోయి నీటిని, మట్టిని వెలికి త్రోయును. క్లచ్ పెడలుపై కాలుంచి నడుపు అలవాటు మన డ్రైవర్లలో చాలమందికి ఉన్నది. క్లచ్ ప్లేటు ఖరీదును జీతములోనుండి పట్టుకొందునని చెప్పినచో ఆ అలవాటు తగ్గుట మేము విన్నాము.

పొలములో విడివిడిగా వాడు రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కునప్పుడు కొక్కెముతో తప్పక కలుపవలెను. వేగముగా పోవుచుండగా ఒక్క ప్రక్క బ్రేకు పట్టినచో బండి అక్కడనే తిరగబడును. బరువును ఎప్పుడును క్రింది డ్రాబారుకే తగిలింపవలెను. బురదలో దిగబడినప్పుడు గొలుసును పైభాగమున కట్టి లాగినచో ముందు చక్రములు లేచి, ఒకటి రెండు క్షణములలో బండి డ్రైవరుపై వెనుకకు పడును. దూకుటకు వ్యవధి ఉండదు. తిరుగుచున్న పి.టి.ఓ. షాఫ్టు దగ్గరకు పంచె, కండువ, చీర కొంగు పోరాదు. షాఫ్టుపై రేకు తొడుగు లేని బండికి తొడుగు చేయించిన తరువాతనే పని మొదలుపెట్టవలెను.

ట్రక్కులో కూలీలను ఎక్కించుట గూర్చి పంచాయతీవారు మౌనముగా ఉండరాదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో మిరప కోతకు పోవుచున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి పలువురు మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. వ్యవసాయ ట్రాక్టరులో డ్రైవరుకు తప్ప ఎవరికిని సీటు లేదు. మడ్గార్డుపై కూర్చున్నవానికిగాని, ట్రక్కులో నిలిచిన కూలికిగాని ప్రమాదము జరిగినచో పరిహారమిచ్చుటకు భీమా సంస్థ అభ్యంతరము చెప్పును. అప్పుడు ఆ భారము యజమానిపై, అనగా ఆర్.సి.లో పేరున్నవానిపై పడును. కోతల కాలములో కూలీలకు ఆటో గాని, బస్సు గాని ఏర్పాటు చేయుటకు అగు ఖర్చును మేస్త్రీలతో ముందుగానే మాట్లాడి తేల్చుట సభ్యులు చేయదగిన పని. కట్టుడు లేని బావులు, రెయిలింగు లేని కాలువగట్లు ఎక్కడ ఉన్నవో మీకంటె బాగుగా ఎరిగినవారు లేరు. కేజ్ వీల్సుతో తారురోడ్డెక్కు బండ్లను ఆపుటయు మీ చేతిలోనిదే. ఒక్క దమ్ము సీజనులో చెడిన రోడ్డును మరల వేయించుటకు ఎన్ని సంవత్సరములు తిరుగవలెనో మీరెరుగుదురు.

తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామపంచాయతీలు చెత్త తీయుటకును, మొక్కలకు నీరు పోయుటకును ట్రాక్టర్లు కొన్నవి. అవియు ఇప్పుడు పాత బండ్లే. ప్రైవేటు రైతు తన బండి ఆయిల్ ఎప్పుడు మార్చెనో మనసున ఉంచుకొనగలడు. పంచాయతీ బండికి మాత్రము డ్రైవరు మారును, కార్యదర్శి మారును, సర్పంచి మారును. కనుక పైన చెప్పిన నోటు పుస్తకము అక్కడ మరింత అవసరము. తేదీ, మీటరు గంటలు, పోసిన డీజిలు, మార్చిన ఆయిల్, వేసిన గ్రీజు, భీమా గడువు, డ్రైవరు సంతకము ఉన్నచో చాలును. నెలకొకసారి పంచాయతీ సమావేశములో ఆ పుస్తకమును బల్లపై పెట్టింపవలెను.

డ్రైవర్లకును, యువరైతులకును ట్రాక్టరు ఎన్నికలోను, నడకలోను, మరమ్మతులలోను శిక్షణ ఇచ్చు కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కలదు. దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ యని దాని పేరు. గ్రామమునుండి ఒకరిద్దరిని పంపదలచిన పంచాయతీలు శిక్షణ తేదీలను, షరతులను ముందుగా ఆ సంస్థకు వ్రాసి తెలిసికొనవలెను.